ఏడో గడి

ఫారంలో ఏడో గడి ఇంటి నంబరు.
ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకు పోదు,
ఎర్రగా మెరిసి నన్నే చూస్తూ కూర్చుంటుంది.

యెల్షోవా పురపాలక కార్యాలయంలో గుమాస్తాని నేను.
పుట్టుకలు, చావులు, కుక్కల పన్ను, సమాధుల అద్దె
ఇరవై రెండేళ్లుగా నా చేతి మీదుగానే పోతున్నాయి.
ఆ నవంబరు శనివారం మాత్రం
సాంస్కృతిక భవనంలో, వేదిక కింద,
నిరుడు పిల్లల నాటకానికి చేసిన అట్ట కోట పక్కన
నాకో బల్ల, ఓ ముద్ర, వెయ్యిన్నర కిట్లు అప్పగించారు.

ముందు ఊరివాళ్లు.
ముక్కులో పుల్ల పెట్టగానే చర్చి గంట కొట్టే యోలానా
తుమ్మి, క్షమించమని, మళ్లీ తుమ్మింది.
పద్నాలుగో నంబరు. ముప్పై. ఎనభై బై రెండు.
టకటకా కొట్టుకుంటూ పోయాను.

మూడింటికి వాగవతలి రోమాలను పిలిచారు.
చివర్లో ఎందుకని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

మొదట మార్గితా దుంకోవా. చంకలో పిల్ల.
"ఇంటి నంబరు?"
"లేదు."
"ఏదో ఒకటి ఉంటుంది కదా."
"మీరు ఇస్తేగా," అంది. నిష్ఠూరంగా కాదు,
ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు.

నిజమే. తొంభై ఎనిమిదిలో ఒక అర్జీ, రెండు వేల ఏడులో ఒకటి,
పదహారులో యాభై మూడు సంతకాలతో ఇంకొకటి.
భూమి ఎవరిదో తేలలేదన్నాం.
తేల్చాల్సింది మేమే.
వాటి మీద "అందినది" అని గుద్దిన ముద్ర
ఇదే, ఇప్పుడు నా చేతిలో ఉన్నదే.

మేయర్ ఒంద్రుష్కాకి ఫోన్ చేశాను.
జిల్లాని అడిగి చెప్తానన్నాడు.
జిల్లా బ్రాతిస్లావాని అడుగుతానంది.
కొషిత్సే నుంచి వచ్చిన నర్సు గ్లౌజులు విప్పి
వేళ్ల మీద ఊపిరి ఊదుకుంటోంది.
కిట్టు మీద గీత పావుగంటలో వచ్చేస్తుంది.
జబ్బుకి చిరునామా అక్కర్లేదు, మాకే.

వరస వంతెన దాటిపోయింది.
ఎవరో దగ్గితే ఎవరో నవ్వారు.

ఒకటి అని కొట్టాను.
గడి పచ్చబడింది.

తర్వాత ఆవిడే నా పక్కన నిలబడి చెప్పింది:
పొయ్యి గొట్టం వంగినది తులేయ్ వాళ్లది, రెండు.
నీలం తలుపు మా మరిదిది, మూడు.
ఆ వెనకది ఇల్లని అనలేం గానీ ముగ్గురుంటారు.
నాలుగు వేశాను.
చీకటి పడేసరికి అరవై ఒకటికి వచ్చాం.
తొమ్మిదిళ్లలో రెండు గీతలు.

మర్నాడు వంతెనకి ఇనప కంచె అడ్డం పెట్టారు, పద్నాలుగు రోజులు.
ఊళ్లో పదకొండిళ్లలో రెండు గీతలు.
వాళ్ల వీధులకి కంచె పడలేదు,
"దయచేసి ఇంట్లోనే ఉండండి" అని కాగితం వెళ్లింది.
ఆ "దయచేసి" టైపు చేసింది నేనే.

కంచె ఇవతల నుంచి సంచులు పంపాం,
సున్నంతో నంబర్లు రాసి.
ఇరవై ఏడుకి పాలపొడి. నలభైకి ఇన్సులిన్.
సంచి ఒక్కటీ తప్పిపోలేదు.

డిసెంబర్లో మేయరు, "ఆ నంబర్లు తాత్కాలికం, తీసెయ్" అన్నాడు.
సరేనన్నాను. సరేననడం నా ఉద్యోగం.
మనిషి చేరాక ఇంటిని చెరిపే మీట ఆ కంప్యూటర్లో కనబడలేదు.
వెతకలేదని అనను.
రెండు నిమిషాలు వెతికాను.

జనవరిలో వాగవతలికి తపాలా వెళ్లింది, మొదటిసారి.
అరవై ఒక్క కవర్లు, అన్నీ మా దగ్గర్నుంచే:
చెత్త పన్ను.

మార్గితా తన కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది.
తిడుతుందనుకున్నాను.
చిరునామా మీద వేలు ఆనించి,
"కడతాను. రసీదు మీద కూడా ఈ నంబరు రాస్తారా?" అంది.

రాశాను. ముద్ర వేశాను.
సిరా ఇంకా తడిగా ఉంది.
మడవకుండా, రెండు చేతులా అంచులు పట్టుకుని
వంతెన దాకా అలాగే నడిచింది.